గ్రీన్స్‌బరో వెళ్తే మ్యూజియం ఒక్కటే చూసి రాకండి

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో క్యారీ, మోరిస్‌విల్ నుంచి గ్రీన్స్‌బరో వెళ్లేవాళ్లకు డౌన్‌టౌన్‌లోని సివిల్ రైట్స్ (పౌరహక్కుల) మ్యూజియం చూసి మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేయడం తేలికే. నన్నడిగితే ముందు నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లమంటాను. మ్యూజియంలో మీరు వినబోయే కథ మొదలైంది అక్కడే.

అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వ్యవసాయ కాలేజీ నిధులు కావాలంటే నల్లజాతి విద్యార్థులను ఉన్న కాలేజీలో చేర్చుకోవాలి, లేదా వాళ్లకు వేరే కాలేజీ పెట్టాలి అని 1890లో చట్టం వచ్చింది. నార్త్ కరోలినా రెండో దారి పట్టింది. మన పిల్లలు ఎంతోమంది చదువుకునే ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలోకి అప్పట్లో నల్లజాతి విద్యార్థులను రానివ్వలేదు. 1891లో పెట్టిన ఈ కాలేజీ పేరులోనే 'కలర్డ్ రేస్' (నల్లజాతి) అని రాశారు. మొదట రాలీలోని షా యూనివర్సిటీలో తరగతులు నడిచాయి. గ్రీన్స్‌బరో జనం 14 ఎకరాలు, 11,000 డాలర్లు ఇస్తే 1893లో ఇక్కడికి మారింది. అలా మొదలైన కాలేజీయే ఇప్పుడు విద్యార్థుల సంఖ్యలో దేశంలోని చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయాలన్నిటిలోకీ పెద్దది. చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో పోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నేర్ ఫిజిక్స్ చదివింది ఇక్కడే.

క్యాంపస్‌లోని డడ్లీ భవనం ముందు నలుగురు కుర్రాళ్ల విగ్రహం ఉంది: ఎజెల్ బ్లేర్, ఫ్రాంక్లిన్ మెక్‌కేన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. 1960 ఫిబ్రవరి 1న వూల్‌వర్త్ దుకాణంలో చిన్న చిన్న వస్తువులు కొని, రసీదులు జేబులో పెట్టుకుని, తెల్లవాళ్లకే వడ్డించే భోజనాల కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. అప్పటికి వాళ్లు ఫస్టియర్ పిల్లలు! 1969 మేలో ఇదే క్యాంపస్‌లో విల్లీ గ్రైమ్స్ అనే విద్యార్థి తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు, నేషనల్ గార్డ్ స్కాట్ హాస్టల్‌లోకి చొరబడింది. ఆ కౌంటర్‌ను అందరికీ తెరిపించి గెలిచిన తొమ్మిదేళ్లకు ఇది జరిగిందని తెలిశాక నాకు చాలాసేపు మాట రాలేదు. పని రోజుల్లో పార్కింగ్ కష్టం, శనివారం ఉదయం హాయిగా తిరగొచ్చు.

ఆ తర్వాత మ్యూజియం. అదే పాత వూల్‌వర్త్ భవనం, కౌంటర్ కూడా ఉన్నచోటే ఉంది. గైడ్ వెంట తిప్పి చూపిస్తారు, మాకు వచ్చిన గైడ్ చాలా బాగా చెప్పారు. 1960 జులై 25న ఆ కౌంటర్ అందరికీ తెరిచినప్పుడు మొదట తిన్నది ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులట. టికెట్ డబ్బుకు పూర్తి న్యాయం జరుగుతుంది. కాకపోతే హింస ఫొటోలున్న గది ఒకటుంది, చిన్నపిల్లలు ఉంటే ముందే గైడ్‌కి చెప్పండి. టైమింగ్స్ చూసుకుని వెళ్లండి.

బసకి హైవే పక్కన చవక హోటల్ తీసుకున్నాం. రాత్రంతా లారీల మోత, గదిలో సిగరెట్ వాసన. ఇంకాస్త పెట్టి డౌన్‌టౌన్‌లో ఉండటమే మేలు. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. క్యారీ నుంచి ఆమ్‌ట్రాక్ రైలు డౌన్‌టౌన్‌లోనే దింపుతుంది, మ్యూజియానికి నడిచిపోవచ్చు, క్యాంపస్ సుమారు మైలు దూరం. శరదృతువులో హోమ్‌కమింగ్ వారాంతాన మాత్రం పాత విద్యార్థులతో ఊరు నిండిపోతుంది. ఆ సందడి చూడాలనుకుంటే గది చాలా ముందే బుక్ చేసుకోండి.