జెరూసలేంలో యోమ్ కిప్పూర్: బస ఎక్కడ చూసుకోవాలి?

యూదులు ఉపవాసముండి తప్పులకు క్షమాపణ వేడుకునే రోజు యోమ్ కిప్పూర్. 2022లో అదీ, మన విజయదశమీ ఒకే రోజు వచ్చాయి, అక్టోబరు 5న. అది యూదుల తిష్రీ నెలలో పదో రోజు, ఇది ఆశ్వయుజ శుద్ధ దశమి. రెండూ చంద్రుణ్ణి బట్టి లెక్కగట్టేవే కాబట్టి చాలా ఏళ్లు దగ్గర దగ్గరగానే పడతాయి. దసరా సెలవుల్లో ఇజ్రాయెల్ వెళ్లేవాళ్లకు "ఆ ఒక్క రోజూ తప్పించుకోండి, అన్నీ మూసేస్తారు" అని సలహా ఇస్తుంటారు. నేనైతే ఆ రోజు అక్కడుండేలా చూసుకుని మరీ వెళ్లమంటాను.

మూసేస్తారన్న మాట నిజమే. ముందు రోజు మధ్యాహ్నం నుంచి బెన్ గురియన్ విమానాశ్రయంలో రాకపోకలు ఆగిపోతాయి. బస్సులు, రైళ్లు, దుకాణాలు, చివరికి టీవీ, రేడియో ప్రసారాలు కూడా ఆగుతాయి. మళ్లీ కదలిక మర్నాడు చీకటి పడ్డాకే. అందుకని బస చూసుకునేటప్పుడు గది ఎలా ఉందన్నదానికంటే, సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) నడిచి వెళ్లేంత దూరంలో ఉందా లేదా అన్నది ముఖ్యం.

మొదట మహానే యెహుదా బజారు దగ్గర దిగాం. గది ఇరుకు, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. అయినా పండుగకు ముందు రోజులకు అదే మంచి చోటు. ట్రామ్ ఎక్కి, కాస్త నడిస్తే పాత నగరం. అర్ధరాత్రి దాటాక, యూదులకు పవిత్రమైన పశ్చిమ గోడ దగ్గర జరిగే సెలిహోత్ ప్రార్థనలు తప్పక చూడాలి. తప్పులు క్షమించమని వేలమంది ఒకే గొంతుతో పాడుతుంటే ఒళ్లు జలదరించింది. ఆడవాళ్లకు వేరే భాగం ఉంది, అది చిన్నది, తోపులాట ఎక్కువ. మావారి వైపు చోటు దండిగా ఉందట! ఆ వారంలోనే కప్పరోత్ అనే ఆచారం కూడా చూశాం. కోడిని తలచుట్టూ మూడుసార్లు తిప్పుతారు, అచ్చం మనం దిష్టి తీసినట్టే. చాలామంది కోడికి బదులు డబ్బు తిప్పి పేదలకిస్తారు.

యోమ్ కిప్పూర్ నాటికి మాత్రం జెరూసలేంలోనే జర్మన్ కాలనీ అనే పేటలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాం. పాత నగరంలోని క్రైస్తవ మఠాల బసలు శుభ్రంగా, చవగ్గా ఉంటాయి, అరబ్బుల వీధుల్లో తిండీ దొరుకుతుంది. కానీ ఈ రోజును దాని మధ్యలో ఉండి చూడాలంటే జర్మన్ కాలనీకే నా ఓటు. ఇంటావిడ ముందే అన్నీ చెప్పింది: మధ్యాహ్నం లోపు రావాలి, రొట్టెలు, పళ్లు, హమ్మస్ ముందే కొనుక్కోవాలి, సినగాగ్‌లో మా రాకకు అనుమతి తనే అడుగుతుంది. పెద్ద సినగాగుల్లో సీట్లకు టికెట్లుంటాయి, ముందుగా కనుక్కోకుండా వెళ్లొద్దు. ఫోను, కెమెరా గదిలోనే వదిలేయాలి.

సాయంత్రం కోల్ నిద్రే, అంటే యోమ్ కిప్పూర్ మొదలయ్యే ప్రార్థన. అరామిక్ భాషలో మూడుసార్లు, ప్రతిసారీ గొంతు పెంచుతూ పాడారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. తోలు చెప్పులు నిషిద్ధం కాబట్టి కాళ్లకు గుడ్డ బూట్లు, రబ్బరు చెప్పులు. బయటికొస్తే ఎమెక్ రెఫాయిమ్ వీధిలో ఒక్క కారూ లేదు. నడిరోడ్డు మీద తాతలు, బామ్మలు, పిల్లల బండ్లతో తల్లులు తీరిగ్గా నడుస్తున్నారు.

మా తెలుగు విని ఒకమ్మాయి ఆగింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఒక ముసలావిడను చూసుకునే ఉద్యోగం చేస్తోంది. "దసరా వచ్చేసిందక్కా, ఇక్కడేమో ఈ ఉపవాసం" అంది. ఆవిడకు డాక్టరు ఉపవాసం వద్దన్నారట. ప్రాణం కాపాడుకోవడం వాళ్ల ధర్మశాస్త్రంలో ఉపవాసం కంటే పెద్దది. అయినా ఆవిడ ఒప్పుకోక, రబ్బీ (యూదు మతగురువు) చెప్పిన పద్ధతిలో తొమ్మిది నిమిషాలకోసారి కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుందట. "గడియారం పట్టుకుని పక్కనే కూర్చుంటానక్కా. పొద్దున్నే నన్ను పిలిచి, ఈ ఏడాది నిన్నేమైనా కసిరుంటే మన్నించమ్మా అంది." మనిషికి చేసిన తప్పును ఆ మనిషి మన్నించేదాకా ఈ రోజు కూడా కడిగెయ్యజాలదని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. నేను చదివి తెలుసుకున్న మాట అది, ఆ పిల్ల చెప్పాక మనసుకెక్కింది.

మర్నాడు నేనూ మంచినీళ్లు ముట్టలేదు. ఏకాదశులు అలవాటే గనక ఆకలి బాధించలేదు, మధ్యాహ్నం నిలబడటమే కష్టమైంది. సినగాగ్‌లో బైబిల్లోని యోనా కథ చదువుతుండగా పక్కనున్న పెద్దావిడ లవంగాలు గుచ్చిన నిమ్మకాయ నా చేతిలో పెట్టి వాసన చూడమని సైగ చేసింది. తొక్క ఎండి గట్టిపడింది, వాసన మాత్రం ఘాటుగా ఉంది. నీరసం కొంత తగ్గింది. ఇలా వాసన చూడటానికి అభ్యంతరం లేదట. చివరి ప్రార్థన నెయిలాకు, తోరా గ్రంథపు చుట్టలుండే మందసం తెరిచే ఉంచుతారు, కాళ్లలో శక్తి ఉన్నంతవరకూ అందరూ నిలబడే ఉంటారు. "ప్రభువే దేవుడు" అని ఏడుసార్లు ప్రకటించి, షోఫార్ అనే కొమ్ముబూరను ఒక్కసారి దీర్ఘంగా ఊదారు. సుమారు 25 గంటల ఉపవాసం అక్కడితో ముగిసింది.

సైకిళ్ల సరదా కావాలంటే టెల్ అవీవ్ మేలు, ఖాళీ అయిన ఆయలోన్ హైవే మీద పిల్లలు తొక్కుతారు. ప్రార్థన కోసమైతే జెరూసలేమే. తిరుగు విమానం మాత్రం ఆ రాత్రికి పెట్టుకోవద్దు. బస్సులు వెంటనే అందవు, విమానాశ్రయంలో జనం ఒక్కసారిగా ఎగబడతారు. నాలుగు రోజుల్లో సుక్కోత్ పండుగ, అప్పుడు గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. అందాకా ఉండాలనుకుంటే గది ముందే మాట్లాడుకోండి.