గట్క గంజు, నా టేకు తెడ్డు: రెండేండ్ల తర్వాత

హన్మకొండలో ఇల్లు కట్టినప్పుడు దర్వాజలు చేయంగా మిగిలిన టేకు తుంటతో చెక్కిన తెడ్డు ఇది. దీంట్లో నాకు నచ్చింది ఒక్కటే, దీని మూతి. ఏటవాలుగా కోసిన ఆ అంచు గంజు (వండే గిన్నె) అడుగుకు ఆనుకొని పోతది. జొన్న రవ్వతో చిక్కగా వండే గట్క ఉడికేటప్పుడు స్టీలు గంటెతో ఎంత తిప్పినా అడుగున ఒక పొర మాడేది. ఇప్పుడు గంజును రాత్రంతా నానబెట్టే పనే లేదు.

నిజానికి ఇది రెండోది. మొదటిది అయిదో రోజే విరిగింది. ఆనాడు అమ్మ ఊరి నుంచి వచ్చింది. గొప్ప చూపిద్దామని నేనే పొయ్యి ముందు నిలబడ్డ. గట్క చిక్కబడి బుడగలు చిట్లుతుంటే కొంచెం గట్టిగా నొక్కిన. టక్కుమంది. చేతిలో పిడి, గట్కలో మూతి. అమ్మ ఏమనలేదు, స్టీలు గంటె తీసి చేతికిచ్చింది. విరిగిన చోట చూస్తే చెరుకు నరికినట్టు ఏటవాలుగా ఉంది. తుంటలో నార పక్కకు వాలి పోతుంటే, నేను స్కేలు పెట్టి గీసిన గీత మీదనే రంపం నడిపిన. సన్నం చేసిన మెడ దగ్గర నార మొత్తం తెగిపోయి పట్టు లేకుండా అయింది. దర్వాజలు చేసిన వడ్లాయనకు చూపిస్తే, "ముందుగాల బాడిశెతోటి చీల్చి సూడాలె సారూ. ఎటు చీలితే గటే నార. గీత దాని ఎంబడి గీయాలె" అన్నడు.

రెండోదాన్ని అట్లనే చీల్చి చేసిన, మెడ బొటనవేలంత లావు ఉంచిన. చెక్కడానికి పొనికి కట్టె సులువే, కాని అది నిర్మల్ బొమ్మలకు సరే, గంజు గీకడానికి ఆగదు. గరుకు కాగితంతో రుద్దినంక తడిపి ఆరబెడితే నూగు లేస్తది, మళ్లీ రుద్దాలె. రుద్దేటప్పుడు మీ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, టేకు పొట్టుకు నేను రెండు రోజులు తుమ్మిన.

మొదట్లో అందరికీ పైసా ఖర్చు లేదని చెప్పిన. ఉలి, కాగితాలు, మూడు ఆదివారాలు లెక్కలోకి రాలేదు. పల్లి నూనె పట్టిస్తే వానాకాలానికి జిగటైంది. అవిసె నూనె అయితే గాలికి తనే గట్టిపడతది. గానుగలో ఆడించిందే వాడిన. రంగుల దుకాణంలో దొరికే దాంట్లో తొందరగా ఆరడానికి మందులు కలిపి ఉండొచ్చు. ఆ నూనె గుడ్డను ముద్దచేసి పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. పరిచి ఆరేయాలె. వాసన రాదని కూడా అన్న, కాని పాయసం తిప్పిన రోజు పసుపు వాసన వచ్చింది. అప్పటి నుంచి తీపికి వాడుత లేం.

ఈ మధ్యే గమనించిన, మూతి ఒక మూల అరిగి సరిగ్గా మా గంజు అడుగు వంపుకు వచ్చింది. అరిగిన టేకు ఎటు పోయిందంటే, మా కడుపులకే. మా ఇంట్లో వారానికి రెండుసార్లు గట్క, అందుకే నాకిది బంగారం. కరీంనగర్‌లో ఉన్న చెల్లెకు ఇలాంటిదే చేసిచ్చిన. ఆమెది చదును నాన్‌స్టిక్ పెనం, ఒక్క మూలే ఆనుతదట, పక్కన పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో గంజు పాతదైంది, కొత్తది తెద్దామంటున్నరు. నేనైతే ఇంకా ఒప్పుకోలేదు.