మాయా శిథిలాలు, గుహలు: స్టూడెంట్ ట్రిప్‌కు యుకటాన్ మేలా, బెలీజ్ మేలా?

అమెరికాలో చదువుకునే మన పిల్లలు స్ప్రింగ్ బ్రేక్‌కి మధ్య అమెరికాలో ఒకప్పుడు వెలిగిన మాయా నాగరికత శిథిలాలు చూద్దామనుకుంటే ముందుగా తట్టేది మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో ఉన్న చిచెన్ ఇట్జా. కాన్‌కూన్‌లో దిగితే అక్కడికి 200 కిలోమీటర్లు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి మళ్లీ వీసా అక్కర్లేదు. సౌకర్యం ఒక్కటే చూస్తే యుకటాన్‌కి ఓటేయొచ్చు. కానీ గుహలు కూడా చూడాలనుకునే గ్రూపైతే మెక్సికో పక్కనున్న చిన్న దేశం బెలీజ్‌లోని కాయో జిల్లాకే వెళ్లమంటాను.

చిచెన్ ఇట్జాలో 30 మీటర్ల ఎల్ కాస్తియో పిరమిడ్ అద్భుతమే. మెట్ల ఎదుట నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా వస్తుంది. అయితే 2006 నుంచి పైకి ఎక్కనివ్వడం లేదు. పైగా మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, మెట్ల అంచున పాములా పాకే నీడ చూడ్డం కోసం జనం విరగబడతారు. స్టూడెంట్లను అంత గుంపులో ఒకచోట ఉంచడమే పెద్ద టెన్షన్.

కాయోలో శాన్ ఇగ్నాసియోలో బస పెట్టుకుంటే షునాన్‌టునిచ్ అనే మాయా శిథిలాలు దగ్గరే. మోపాన్ నది దాటి వెళ్లాలి. అక్కడి 40 మీటర్ల పిరమిడ్ ఎక్కితే పక్కనున్న గ్వాటెమాల కూడా కనిపిస్తుంది. బెలీజ్ అధికార భాష ఇంగ్లీషే కాబట్టి గైడ్‌ని ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు.

అసలు తేడా కాయోలోనే ఉన్న ఆక్టున్ టునిచిల్ ముక్నల్ గుహలో తెలుస్తుంది. అడవిలో నడిచి, వాగులు దాటి, గుహ నోట్లో ఈదుకుంటూ లోపలికి వెళ్లాలి. హెల్మెట్ లైటు తప్ప వేరే వెలుగుండదు. ఎండుగా ఉన్న పై గదికి చేరాక బూట్లు విప్పి సాక్సులతోనే నడవాలి, ఎందుకంటే మాయాల కుండలు ఇప్పటికీ నేల మీదే ఉన్నాయి. కొన్నిటికి కావాలనే చిల్లు పెట్టారు. చివర్లో సున్నం పేరుకుని తళతళలాడే ఒక అస్థిపంజరం ఉంటుంది. మాయాలకు గుహ అంటే పాతాళలోకానికి ద్వారం. వానలు ముఖం చాటేసిన కాలంలో వాన దేవుడి కోసం ఇంత లోపలికి వచ్చి బలులిచ్చారని పరిశోధకులు అంటారు. ఆ చీకట్లో, ఆ చల్లటి నీళ్లలో నడిచి వచ్చిన పిల్లలకు ఆనాటి మాయాలు వాన కోసం ఎంతగా అల్లాడిపోయి ఉంటారో చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక టూరిస్టు కెమెరా జారి పుర్రె మీద పడ్డాక, 2012 నుంచి లోపలికి కెమెరాలు తేనివ్వడం లేదు. నన్నడిగితే ఇది చాలా మంచి నియమం.

లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా వెళ్లనివ్వరు, అందుకే పెద్ద గ్రూపైతే ముందే బుక్ చేసుకుని జట్లుగా విడిపోవాలి. జూన్ నుంచి నవంబర్ దాకా వానాకాలం. వాగు పొంగితే గుహ మూసేస్తారు, కాబట్టి వేసవి సెలవుల్లోనే కుదిరేవాళ్లకు యుకటానే మేలు. నీళ్లంటే భయపడేవాళ్లు ఒకరిద్దరుంటే బలవంతపెట్టకండి. దగ్గర్లోనే బార్టన్ క్రీక్ గుహ ఉంది, దాన్ని పడవలో కూర్చునే చూసి రావచ్చు.