లాభం, రెండు, మూడు… నాలుగేళ్లు వాడిన పంక్చర్ కిట్ సంగతులు

మా సైకిలు గుంపులో ఒక రూలు ఉంది. ఆదివారం భీమిలి రైడ్‌లో ఎవరి టైరు గాలి పోతే టిఫిన్ బిల్లు వాళ్లదే. ఆ రూలు పెట్టింది నేనే, ఎక్కువసార్లు బిల్లు కట్టిందీ నేనే. అందుకని ఈ కిట్ గురించి రాసే అర్హత మా ఐదుగురిలో నాకే ఉందని మాస్టారు సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు.

కొన్నది 2021లో, 1,400 రూపాయలకి. జానెడు పొడవుండే అల్యూమినియం పంపు, దాని కడుపులోంచి బయటికి లాగే చిన్న రబ్బరు గొట్టం, టైరు ఊడదీయడానికి 2 ప్లాస్టిక్ లీవర్లు, ఇసుక కాగితం ముక్క, సొల్యూషన్ ట్యూబు, 6 ప్యాచ్‌లు. నాది 700 బై 28 టైరు, అంటే వెడల్పు 28 మిల్లీమీటర్లు. గాలి ఎక్కించేది ప్రెస్టా వాల్వు, మామూలు వాల్వు కంటే సన్నటిది. ఇప్పటికి 12,000 కిలోమీటర్లు దాటాయి. పంక్చర్లు 23.

పంపు మీద 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని అచ్చేశారు. నమ్మకండి. 60 దాకా హాయిగా ఎక్కుతుంది, 70 దగ్గర మోచేతులు దండం పెడతాయి. ఆ పైన కొట్టాలంటే ముందు కొట్టేవాడికి గాలి ఎక్కించాలి. నా బరువు 72 కేజీలు, 28 టైరుకి 70 సరిపోతోంది. సన్నటి 25 టైర్లతో తిరిగే మా డాక్టరు గారికి మాత్రం ఈ పంపు చాలదు. ఓసారి నా పంపుతోనే అరకొరగా గాలి కొట్టుకుని బయల్దేరారు. ఋషికొండ దగ్గర గుంతలో పడగానే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పక్కపక్కనే 2 కన్నాలు పడ్డాయి. సైకిలు వాళ్లు దీన్ని పాముకాటు అనే అంటారు. “పాముకాటుకి మందు మీ దగ్గరే ఉండాలి కదండీ” అని మాస్టారు అంటే, ఆయన పలక్కుండా ట్యూబు ఊడదీసుకున్నారు.

70కి రావాలంటే నాకు 220, 230 దెబ్బలు పడతాయి. మావాళ్లు చుట్టూ నిలబడి ధాన్యం కొలిచినట్టు లెక్కపెడతారు. “లాభం… రెండు… మూడు…” వంద దాటాక ఎవడో ఒకడు కావాలనే లెక్క తప్పి, మళ్లీ “లాభం” అని మొదలెడతాడు.

ఈ కిట్‌లో అసలు మెలిక గొట్టంలో ఉంది. గొట్టం చివర మరలు ఉంటాయి, వాల్వుకి తిప్పి బిగించాలి. పట్టు బాగుంటుంది, వాల్వు వంగదు. ఒకరోజు తొట్లకొండ దాటాక వెనక చక్రం పోయింది. 230 కొట్టాను. చెమట కళ్లల్లోకి దిగుతోంది. గొట్టం విప్పుతుంటే దాంతోపాటు వాల్వు కోరు, అంటే వాల్వు లోపలి ముక్క, కూడా తిరిగి బయటికొచ్చేసింది. భుస్సుమని ఒక్క క్షణంలో మొత్తం ఖాళీ. గొట్టం చివర ఇత్తడి ముక్క మెరుస్తోంది. నా చేతులు వణుకుతున్నాయి.

“ఏటి నాయనా, మళ్లీ లాభమేనా?” అన్నారు మాస్టారు.

“అన్నయ్య గాలి తీయడానికి మనం కష్టపడక్కర్లేదండీ, ఆయన పంపే తీసేస్తది” అన్నాడు మా అందరిలోకీ చిన్నవాడు.

తప్పు పూర్తిగా పంపుదీ కాదు. ఊడదీయగలిగే కోరు ఉన్న ట్యూబు కొన్నప్పుడే దాన్ని ఇంట్లో పట్టకారుతో ఒక్క పిసరు బిగించాలి. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను, మళ్లీ ఊడలేదు. ఈ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో రాసి ఉంటే నాకు 4 ప్లేట్ల పెసరట్టు ఖర్చు తగ్గేది.

ప్యాచ్‌ల విషయంలో నా ఓటు పాత పద్ధతికే. గీకి, సొల్యూషన్ రాసి, తడి మెరుపు పోయేదాకా 4, 5 నిమిషాలు ఆగి, అప్పుడు అంటించి గట్టిగా నొక్కాలి. ఆగడమే కష్టం, వెనక నలుగురు “ఎండిందా, ఎండిందా” అని పెళ్లివారిలా తొందరపెడుతుంటే. అలా వేసినవి మూడేళ్ల నాటివి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. సొల్యూషన్ అక్కర్లేని స్టిక్కర్ ప్యాచ్‌లు కూడా కొని చూశాను. మే నెల ఎండకి రెండు అంచులు లేచిపోయి, ఆనందపురం దగ్గర నన్ను నడిపించాయి. ఒకటి గుర్తుంచుకోండి, సొల్యూషన్ ట్యూబు మూత ఒకసారి విప్పాక కొన్ని నెలల్లో లోపలే గడ్డకడుతుంది. సీలు విప్పని చిన్న ట్యూబు ఒకటి అదనంగా ఉంచుకోవాలి.

మా చిన్నవాడు గ్యాస్ క్యాట్రిడ్జి పార్టీ, అంటే పంపు బదులు కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న డబ్బా. 16 గ్రాములది బిగిస్తే రెండు సెకన్లలో టైరు రాయిలా అవుతుంది, డబ్బా మంచులా చల్లబడి వేళ్లకి అతుక్కుంటుంది. చూడ్డానికి భలే ఉంటుంది. ఆ గ్యాసు రబ్బరులోంచి తొందరగా కారిపోతుంది కాబట్టి తెల్లారేసరికి టైరు మెత్తబడుతుంది. ఓసారి వాల్వు మీద సరిగ్గా కూర్చోక మొత్తం గాల్లోకే పోయింది. ఆరోజు కూడా “లాభం” అని నా పంపే మొదలెట్టాల్సి వచ్చింది.

నా 23 పంక్చర్లలో ఎక్కువ భాగం రోడ్డు మీద అయినవి కావు. టీ కోసం దిగి సైకిలు ఇసుక వారకి తోసుకెళ్లినప్పుడు గుచ్చుకున్న పల్లేరుకాయలవి. హైవే మీదైతే లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఇనప తీగలు. ఇవి కంటికి కనబడవు. ఒకసారి ట్యూబు మార్చి, టైరు లోపల చూడకుండా బిగించేశాను. కిలోమీటరు వెళ్లకముందే కొత్త ట్యూబూ పోయింది. ఇప్పుడు జేబురుమాలు టైరు లోపల చుట్టూ తిప్పుతాను, తీగ ఉంటే దారం పట్టుకుంటుంది, వేలు తెగదు.

రోడ్డు పక్క పంక్చర్ షాపు ఉంటుందిలే అనుకుంటే ప్రెస్టా వాల్వు వాళ్లకి చిక్కే. భీమిలి దారిలో ఒకాయన నా వాల్వు చూసి “ఇదేటి బాబూ, సూదిలా ఉంది” అన్నాడు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుతున్నాను. ఇప్పుడు ఏ షాపు కంప్రెసర్ అయినా పనిచేస్తోంది.

రెండో ఏడు పంపులో రబ్బరు రింగు పట్టు వదిలింది. చిన్నప్పుడు తోలు వాషరుకి రాసినట్టు కొబ్బరినూనె రాశాను, ఇంకా పాడైంది. ప్లంబింగ్ షాపులో దొరికిన 10 రూపాయల రింగు సరిపోయింది, కొంచెం సిలికాన్ గ్రీజు పూశాక ఇంతవరకు మళ్లీ విప్పలేదు. లీవర్లలో ఒకటి విరిగింది, రెండోదానికి జతగా ఇంకో కంపెనీది పెట్టుకున్నాను.

28 కానీ అంతకంటే లావు టైరు కానీ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. 25 అయితే ఇంకో పంపు చూసుకోండి. డాక్టరు గారు మొన్న లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైర్లకి మారారు. మూడు నెలలకే, కన్నాలు పూడ్చడానికి లోపల పోసిన తెల్ల ద్రవం ఎండి తొరక కట్టిందట. “పాలు విరిగాయా డాక్టరు గారూ?” అని అడిగాం. ఆ ఆదివారం బిల్లు ఆయనదే.