సీలు ముందే కొట్టి తెచ్చిన నోటరీ కాగితం మీద సంతకం పెట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్థలం కొనేవాళ్లకీ, మంచం పట్టిన పెద్దవాళ్ల చేత కాగితం రాయించుకునేవాళ్లకీ ఈ హెచ్చరిక. 'నోటరీ మీ ఇంటికే వస్తారు' అంటారు. తీరా వచ్చేది నోటరీ కాదు, ఏజెంటు. ముందురోజే ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పెట్టించుకుంటాడు. మర్నాడు సీలు, ఎర్ర స్టిక్కరు అన్నీ పడిపోయిన స్టాంపు పేపరు తెచ్చి 'ఇక్కడో సంతకం, ఇక్కడో వేలిముద్ర' అని పది నిమిషాల్లో ముగించేస్తాడు.

అలాంటి కాగితం ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి. గుండ్రటి సీల్లో పేరు చదవొస్తుంది, ప్రాంతం పేరు ఉండాల్సిన చోట సిరా అలికినట్టుంటుంది. 'క్రమ సంఖ్య' పక్కన ఖాళీ. అసలు కిటుకు ఆ ఖాళీలోనే ఉంది. నోటరీ తాను చేసిన ప్రతి పనినీ రిజిస్టరులో ఎక్కించాలి, అందులో మీ సంతకమూ తీసుకోవాలి. రేపు అవతలివాడు 'ఆ సంతకం నాది కాదు' అంటే కోర్టు అడిగేది ఆ రిజిస్టరునే. అందులో లేకపోతే మీ చేతిలో మిగిలేది రంగు సీలు.

నోటరీ ఇంటికి రావడం తప్పేం కాదు. ఫీజుతో పాటు దారి ఖర్చు కిలోమీటరు లెక్కన తీసుకోవచ్చని నోటరీ నిబంధనల్లోనే ఉంది. అయితే రసీదు ఇవ్వాలి. వచ్చే ముందే రెండు సంగతులు అడగండి: ప్రాక్టీసు సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా (5 ఏళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది), ఏ ప్రాంతానికి నియమించారు. విజయనగరానికే నియమించిన నోటరీ పలాస వచ్చి సీలు వేస్తానంటే వద్దనండి. రిజిస్టరు వెంట తెస్తారా అని కూడా అడగండి. నసిగితే అక్కడితో ఆపేయండి.

మీ వైపు నుంచి ఒరిజినల్ ఆధార్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు సిద్ధంగా ఉండాలి. ఆస్తి ఎవరికి వెళ్తుందో వాళ్ల ఇంటివాళ్లు సాక్షులు కాకుండా చూసుకోండి. సంతకం ముందే పెట్టేయొద్దు, నోటరీ ఎదుటే పెట్టాలి. పాస్‌బుక్కులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండడం మనవైపు మామూలే. రెండూ ఒకే మనిషివని కాగితంలోనే రాయించండి. ఖాళీ జాగాలు గీత కొట్టించండి, కొట్టివేతల పక్కన పొట్టి సంతకం పెట్టించండి. చదువురాని పెద్దవాళ్లయితే 'చదివి వినిపించాను, అర్థమైందన్నారు' అనే వాక్యం తప్పక ఉండాలి. పొలం పనులతో అరిగిన వేళ్లకు ముద్ర సరిగా పడదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, సిరా పలచగా రాసి, ఎడమ బొటనవేలిని ఒక అంచు నుంచి మరో అంచుకి దొర్లించాలి. అదిమితే మచ్చ మిగులుతుంది, గీతలు కాదు.

ఇంతకంటే పెద్ద గొయ్యి వేరే ఉంది. భోగాపురం చుట్టుపక్కల ప్లాటో, చీపురుపల్లి వైపు నాలుగు సెంట్లో 'నోటరీ మీద అమ్మేస్తాం' అంటే నమ్మొద్దు. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ అగ్రిమెంటుతో హక్కు మీకు రాదు, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీలోనూ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనబడదు. అందుకే అదే ప్లాటు నలుగురికి రాసినా ఎవరికీ తెలీదు. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో సర్వే నంబరు ఉంటే, అమ్మేవాడికి నోటరీ తప్ప దారి లేదు. కాబట్టి ఆ మాట వినగానే ముందు ఆ జాబితా చూడండి. జీపీఏ (తన తరఫున పనులు చేయమని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్మకం హక్కునివ్వదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మంచం మీదున్నవారి తరఫున రిజిస్ట్రేషన్‌కి జీపీఏ కావాలంటే నోటరీ సీలు చాలదు. ఇండియాలో ఉన్నవాళ్ల జీపీఏని సబ్ రిజిస్ట్రారే ధ్రువీకరించాలి. ఆయన్నే ఇంటికి రప్పించుకోవచ్చు, దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. డాక్టరు సర్టిఫికెట్‌తో అర్జీ పెట్టి, ఫీజు కట్టాలి. ఏజెంట్లు ఈ మాట చచ్చినా చెప్పరు.

ఇప్పటికే అలాంటి కాగితం తీసుకుని ఉంటే, సీలు మీదున్న నోటరీ ఆఫీసుకే వెళ్లి రిజిస్టరులో ఎంట్రీ చూపమనండి. లేకపోతే మళ్లీ రాయించుకోండి. అగ్రిమెంటు అయితే రిజిస్ట్రేషన్ చేయమని లాయరు నోటీసు పంపండి. అందులో రాసుకున్న గడువు తేదీ నుంచి, తేదీ లేకపోతే అమ్మినవాడు కుదరదన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి, దావా వేయడానికి 3 ఏళ్లే ఉంటుంది.