హన్మకొండ డాబా మీద మూడు యాప్‌లు: ఆ వెలుగేమిటో ఏది చెబుతుంది?

ఆకాశంలో ఏదో వింత లైటు కనపడితే చాలు, పది నిమిషాల్లో వీడియో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఏలియన్లని ఒకరంటారు, శత్రుదేశపు డ్రోనని ఇంకొకరంటారు. ఆ వాదన తేల్చడానికి పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లో పెట్టుకోదగ్గవి మూడున్నాయి: ఫ్లైట్‌రాడార్24, హెవెన్స్ ఎబవ్, స్టెల్లేరియం. ఉచితంగా దొరికే వెర్షన్లే ఈ పనికి సరిపోతాయి కాబట్టి వాటినే తూచాం. అయితే వీటిలో ఏదీ "ఇది ఫలానా" అని తీర్పు చెప్పదు. ఆ టైముకు ఆ దిక్కున ఏమేం ఉండాలో చెబుతుంది, పోల్చుకునే పని మనదే.

అందుకే యాప్ తెరవకముందే టైము నిమిషంతో సహా రాసుకోవాలి. దిక్కు, ఎత్తు, కదిలిన తీరు కూడా రాసుకోవాలి. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి పెడితే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, దిగంతం నుంచి ఎత్తు కొలవడానికి అది చాలు. కదలికను మాత్రం కంటికి వదిలెయ్యొద్దు. చీకట్లో ఒంటరి చుక్కనే చూస్తూ ఉంటే అది అటూ ఇటూ జరుగుతున్నట్టే తోస్తుంది. తల గోడకు ఆనించి, ఆ వెలుగును కరెంటు స్తంభం అంచుకు పట్టి చూడాలి. నక్షత్రమైతే 4 నిమిషాలకు ఒక డిగ్రీకి మించి జరగదు, అంటే రెండు నిండు చందమామల వెడల్పు. స్పేస్ స్టేషన్ అయితే ఈలోపు ఆకాశంలో సగానికి పైగా దాటేస్తుంది.

వెలుగు మిణుకుతూ కదిలితే ముందు ఫ్లైట్‌రాడార్24 తెరవండి. విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద తమ స్థానాన్ని తామే ప్రసారం చేస్తుంటాయి, నేలమీది రిసీవర్లు దాన్ని పట్టుకుని మ్యాపు మీద వేస్తాయి. ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటే: సరిగ్గా తమ ఊరి మీద విమానం బొమ్మ లేదు కాబట్టి అది విమానం కాదనుకుంటారు. 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం మీకు 20 డిగ్రీల ఎత్తులో కనపడిందంటే అది దాదాపు 30 కిలోమీటర్ల అవతల ఉన్నట్టు. హన్మకొండ డాబా మీద నిలబడి వాయవ్యం వైపు చూస్తే ఆ విమానం హుజూరాబాద్ దగ్గర్లో ఉంటుంది. 10 డిగ్రీలైతే 60 కిలోమీటర్ల దూరం. మ్యాపును అంత వెడల్పు చేసి చూడాలి. నేరుగా మనవైపు వచ్చే విమానం లైటు కాసేపు గాలిలో నిలిచినట్టే ఉండి, తర్వాత ఒక్కసారిగా పక్కకు తిరిగినట్టు కనపడుతుంది. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ ఉంటాయి కాబట్టి ఏ రంగు కనపడిందో చెప్పగలిగితే అది ఏ వైపు పోతోందో తేలుతుంది. నిన్నటి, మొన్నటి వీడియోలకు ప్లేబ్యాక్ (గడిచిన టైము మ్యాపును మళ్లీ చూపేది) పనికొస్తుంది. సైనిక విమానాలు, హెలికాప్టర్లు చాలావరకు ఇందులో కనపడవు. అందుకని మ్యాపు ఖాళీగా ఉంటే విమానం లేదని అర్థం కాదు.

మిణుకు లేకుండా నిదానంగా సాగిపోయే చుక్క ఉపగ్రహం కావచ్చు, దానికి హెవెన్స్ ఎబవ్. ఏ ఉపగ్రహం మీ ఊరి ఆకాశంలో ఎప్పుడు పోతుందో పట్టిక వేసి ఇస్తుంది. చూడ్డానికి పాతకాలపు ప్రభుత్వ వెబ్‌సైటులా ఉంటుంది గానీ మూడింట్లో మా ఓటు దీనికే. వెబ్‌సైటులో వాడేటప్పుడు మీ ఊరు సెట్ చెయ్యకపోతే అది సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం తీసుకుంటుంది. అది ఆఫ్రికా పక్కన సముద్రం! ఆ పట్టిక పట్టుకుని వరంగల్‌లో ఆకాశం చూసి "యాప్ తప్పు" అంటే లాభం లేదు. అక్షాంశం 17.97, రేఖాంశం 79.59 కొట్టి, టైమ్‌జోన్ భారత కాలమానానికి మార్చండి.

ఇక పట్టిక చదివే తీరు. ప్రతి ఉపగ్రహానికి మొదలు, అత్యధిక ఎత్తు, ముగింపు అని మూడు భాగాలుంటాయి, ఒక్కోదానికి టైము, ఎత్తు, దిక్కు. మామూలుగా మొదలూ ముగింపూ 10 డిగ్రీల దగ్గరుంటాయి. ముగింపు ఎత్తు 40 అనో 55 అనో ఉంటే ఉపగ్రహం అక్కడ భూమి నీడలోకి పోతుందన్నమాట. "నడి ఆకాశంలో మాయమైంది" అని జనం ప్రమాణం చేసి చెప్పే వెలుగుల్లో ఎన్నింటికో జవాబు ఆ ఒక్క గడిలోనే ఉంటుంది. ప్రకాశం అంకె ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ. మైనస్ 3 అంటే స్పేస్ స్టేషన్ లాంటి ధగధగ, 4 అంటే వరంగల్ వీధిలైట్ల మధ్య కనపడటమే కష్టం. స్పేస్ స్టేషన్ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అది పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు రెండేసి గంటల్లోపే కనపడేది. అర్ధరాత్రి 12కు నెత్తిమీద నుంచి పోయిందంటే అది స్పేస్ స్టేషన్ కాదు. వరసగా బారులు తీరి పోయే చుక్కలు స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు. ప్రయోగం తర్వాత మొదటి కొద్ది రోజులు మాత్రమే అలా గొలుసుగా ఉంటాయి, ఆ తర్వాత పైకి చేరి విడిపోతాయి. వాటికి వేరే పేజీ ఉంది, ప్రయోగాల వారీగా చూసుకోవచ్చు.

అసలు కదలని వెలుగైతే నక్షత్రాల, గ్రహాల పటం చూపే స్టెల్లేరియం. ఫోన్ ఎత్తి ఆకాశానికి గురిపెడితే పేరు చెప్పేస్తుందన్న మాట మీదే అందరూ దించుకుంటారు, బోల్తా పడేదీ అక్కడే. ఆ గురి ఫోన్‌లోని దిక్సూచి మీద ఆధారపడుతుంది. కవర్‌లో అయస్కాంతం ఉన్నా, పక్కన బైకు ఉన్నా, స్లాబులో ఇనుము ఉన్నా దిక్కు బాగా తప్పుతుంది. అప్పుడు శుక్రుడిని చూపి ఇంకేదో పేరు చెబుతుంది. చందమామ ఉన్న రోజు ముందు దాని మీదకి గురిపెట్టి ఎంత తేడా వస్తుందో చూసుకోండి. చందమామ లేకపోతే గురిపెట్టడం మానేసి, వేలితో ఆకాశాన్ని జరుపుకుంటూ చూడటమే మేలు. ఉత్తరాన ధ్రువ నక్షత్రం మనకు 18 డిగ్రీల ఎత్తున, రెండు పిడికిళ్ల లోపే ఉంటుంది. టైమును వెనక్కి జరిపే సదుపాయం దీనిలో అసలైన బలం. రాసుకున్న నిమిషానికి జరపండి, ఉదయం, సాయంత్రం తారుమారు కాకుండా.

మన వైపు ఎక్కువ గందరగోళం చేసేవి రెండు. ఒకటి శుక్రుడు. సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు కాబట్టి సాయంత్రం పడమర, లేదా వేకువజామున తూర్పు. రెండోది అగస్త్య నక్షత్రం (ఇంగ్లిష్‌లో కానోపస్). మేడారం జాతర కాలంలో, ఫిబ్రవరి మధ్యకల్లా రాత్రి 9 ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన 19 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, అంతకు మించి ఎక్కదు. అంత కిందన గాలి పొరలు మందంగా ఉంటాయి, అందుకే ఎరుపు, నీలం, ఆకుపచ్చగా మెరుస్తూ దూకుతున్నట్టు ఉంటుంది. దానికి పైన, మూడున్నర పిడికిళ్ల ఎత్తున సిరియస్ (రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం) కనపడితే అనుమానం అక్కర్లేదు.

వీడియోలో "గుండ్రంగా ఉబ్బి తగ్గే గోళం" కనపడితే ఏ యాప్ అక్కర్లేదు. జూమ్ చేసినప్పుడు ఫోకస్ కుదరక చుక్కనే కెమెరా పెద్ద బిళ్లగా చేస్తుంది. ఫొటోలో ఆకుపచ్చ చుక్క ఉంటే, ఫొటో మధ్య బిందువుకు అవతల అంతే దూరంలో వీధిలైటు ఉందేమో చూడండి. ఉంటే అది లెన్సులో పడ్డ ప్రతిబింబం.

మూడింటికీ అందనివి కూడా ఉన్నాయి. ఫంక్షన్ హాల్ సర్చ్‌లైటు మబ్బుల మీద గుండ్రంగా తిరుగుతుంది. వానాకాలంలో భూపాలపల్లి, రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల ఫ్లడ్‌లైట్లు తక్కువ ఎత్తు మబ్బుల్ని వెలిగిస్తాయి. సంక్రాంతికి వదిలే కాగితపు లాంతర్లు నారింజ రంగులో గాలివాటుకు పోతూ కొన్ని నిమిషాల్లో ఆరిపోతాయి. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర మీదుగా తోకలతో సాగిన మంటలు చైనా రాకెట్ మూడో దశవి. దాని ముక్కలు మన ఆసిఫాబాద్‌కు ఆనుకున్న చంద్రాపూర్ జిల్లాలో పడ్డాయి. ఉల్క కొద్ది క్షణాల్లో పోతుంది, ఇలాంటిది నిమిషం దాకా సాగుతుంది.

ఇంకొకటి హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం వదిలే పెద్ద పాలిథిన్ బెలూన్లు. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. నేల మీద చీకటిగా ఉన్నా అక్కడ ఎండ తగులుతుంది కాబట్టి వేకువన కదలని వెండి చుక్కలా వెలుగుతాయి. హైదరాబాద్ మీద ఉన్న బెలూన్ వరంగల్ నుంచి నైరుతిలో 15 డిగ్రీల దగ్గర కనపడాలి. స్టెల్లేరియంలో అక్కడ గ్రహం లేకపోతే 10×50 బైనాక్యులర్ పెట్టండి, నక్షత్రం బిందువుగానే ఉంటుంది, బెలూన్ చిన్న బిళ్లలా తెలుస్తుంది. పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగిన పెద్ద క్యాప్సూల్ అలాంటి ప్రయోగానిదే. మీ చేను మీద పడితే తాడు లాగొద్దు, పెట్టె విప్పొద్దు, పోలీసు స్టేషన్‌కు ఫోన్ చెయ్యండి.