వంగిన ట్రాలీ ఇరుసు: ప్రెస్ కొట్టించాలా, కొత్తది వేయాలా?

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసే ట్రాక్టర్ ట్రాలీకి టైర్ల లోపలి అంచే అరుగుతోందంటే ఇరుసును అనుమానించండి. చదును నేల మీద రెండు టైర్ల మధ్య దూరాన్ని పైన, కింద టేపుతో కొలవండి. పైన తక్కువొస్తే ఇరుసు నడుమ కుంగినట్టే.

కొద్దిపాటి వంపైతే హైడ్రాలిక్ ప్రెస్ (నూనె ఒత్తిడితో నొక్కే యంత్రం) మీద కాల్చకుండా, చల్లగానే సరిచేయించడం చవక. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చనివ్వొద్దు. ఉక్కు మెత్తబడి అక్కడే మళ్లీ వంగుతుంది. ప్రెస్ కొట్టించే ముందు ఇరుసు మీద కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి చూడండి. తడి గీత తేలితే అది పగులు, ఇక ప్రెస్ మాటే వద్దు.

బేరింగ్ కూర్చునే కొన వంగితే మాత్రం కొత్త ఇరుసే. బేరింగులు, గ్రీజు కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు, ఇరుసును ట్రాలీకి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా మార్చాలి కాబట్టి ఖర్చెక్కువే. హబ్ (చక్రం నడిమి భాగం) నట్టును చక్రం బిగుసుకునేదాకా తిప్పి, కాస్త వదిలి, నట్టు వదులవకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి. పాత పిన్నునే వంచి పెట్టడం మనోళ్లకు అలవాటు! రెండు లోడ్లయ్యాక యూ బోల్టులు మళ్లీ బిగించండి.